ఓల్డ్ డొమినియన్ 2009: తొమ్మిది గెలుపుల వెనుక నాలుగేళ్ల పని

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో నార్‌ఫోక్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడి ఓల్డ్ డొమినియన్ యూనివర్సిటీకి దాదాపు 70 ఏళ్లపాటు ఫుట్‌బాల్ జట్టు లేదు. 2009లో కొత్తగా జట్టును దింపింది. తొలి సీజన్‌లోనే 11 మ్యాచ్‌లు ఆడి 9 గెలిచింది.

నేను అమెరికాలోనే ఒక యూనివర్సిటీ క్రీడా విభాగంలో బడ్జెట్లు, నిబంధనల పని చూస్తాను. కొత్త ఆట మొదలుపెడదామన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ముందుగా ఈ కేసునే బయటికి తీస్తాను. 9–2 అన్న అంకె చూసి అందరూ గొప్ప కోచ్ అనో, మంచి ఆటగాళ్లు దొరికారనో అంటారు. రెండూ నిజమే. కానీ ఆ సీజన్ గెలుపు చాలావరకు 2009కి ముందే, ఒక్క మ్యాచ్ కూడా ఆడని రోజుల్లోనే ఖాయమైందని నా నమ్మకం. ఆ రోజుల్లో ఏం చేశారో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతున్న మన పిల్లలకూ, కాలేజీల్లో పనిచేసే పీడీలకూ పనికొస్తుందని ఆశ.

ముందు ఒక స్పష్టత. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. మైదానంలో ఒక్కో వైపు 11 మందే ఉంటారు కానీ బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడేవాళ్లు వేరు, అవతలివాళ్లను ఆపేవాళ్లు వేరు, కిక్ కొట్టేవాళ్లు వేరు. దెబ్బలు ఎక్కువగా తగిలే ఆట కాబట్టి ప్రతి స్థానానికీ ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండాలి. అందుకే కాలేజీ జట్టంటే దాదాపు 100 మంది కుర్రాళ్లు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏలో డివిజన్ వన్ ఫుట్‌బాల్‌కు రెండు మెట్లున్నాయి. పై మెట్టు ఎఫ్‌బీఎస్‌. ఆ రోజుల్లో అక్కడ 85 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఇవ్వచ్చు. కింది మెట్టు ఎఫ్‌సీఎస్‌లో 63 స్కాలర్‌షిప్‌ల విలువను 85 మంది దాకా పంచుకునే వీలుండేది. ఓల్డ్ డొమినియన్ మొదలైంది ఈ కింది మెట్టులో.

ఊరు, పాత కథ

నార్‌ఫోక్ నౌకాదళం ఊరు. ప్రపంచంలోనే అతిపెద్ద నౌకా స్థావరం అక్కడే ఉంది. చుట్టుపక్కల వర్జీనియా బీచ్, చెసపీక్, హాంప్టన్, న్యూపోర్ట్ న్యూస్ కలుపుకుంటే పెద్ద జనాభా. హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే అక్కడివాళ్లకు ప్రాణం. తర్వాత వృత్తి ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న బ్రూస్ స్మిత్ నార్‌ఫోక్ కుర్రాడు, మైకేల్ విక్ న్యూపోర్ట్ న్యూస్ కుర్రాడు. ఇద్దరూ కాలేజీకి వెళ్లింది మాత్రం రాష్ట్రానికి ఆ చివరనున్న వర్జీనియా టెక్‌కు. ఆ ప్రాంతంలో నార్‌ఫోక్ స్టేట్, హాంప్టన్ యూనివర్సిటీలకు జట్లు ఉన్నా, మంచి ఆటగాళ్లలో చాలామంది ఏటా ఊరు దాటి వెళ్లిపోయేవాళ్లు.

ఓల్డ్ డొమినియన్ కూడా క్రీడల్లో చిన్నదేమీ కాదు. మహిళల బాస్కెట్‌బాల్‌లో 1979, 1980, 1985ల్లో జాతీయ టైటిల్ గెలిచింది. మహిళల ఫీల్డ్ హాకీలో 9 ఎన్‌సీఏఏ టైటిళ్లున్నాయి. ఫుట్‌బాల్ ఒక్కటే వెలితి. అది కూడా పూర్తిగా కొత్తేం కాదు. 1930లో ఈ కాలేజీ విలియమ్ అండ్ మేరీ కాలేజీకి నార్‌ఫోక్ శాఖగా మొదలైన ఏడాదే జట్టు పెట్టారు. 1936లో ఫోర్‌మన్ ఫీల్డ్ అనే స్టేడియం కట్టారు. 1940 సీజన్ తర్వాత జట్టు మూతపడింది. అప్పుల బాధ ఒకటి, మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదన్న నిబంధన మరొకటి. అప్పట్లో అది రెండేళ్ల చదువే ఉన్న శాఖ. మొదటి ఏడాది వాళ్లను తీసేస్తే జట్టులో మిగిలేది సగమే. స్టేడియం మాత్రం కూలకుండా నిలబడే ఉంది. 2005లో లెక్కలు వేసినప్పుడు ఈ ఒక్క విషయం చాలా కలిసొచ్చింది. కొత్త స్టేడియం కట్టడం వేరు, ఉన్నదాన్ని బాగుచేసుకోవడం వేరు.

నిర్ణయం, డబ్బు

2005 జూన్‌లో యూనివర్సిటీ పాలకమండలి ఫుట్‌బాల్‌కు ఒప్పుకుంది. ఆట మొదలయ్యేది 2009లో అని అప్పుడే చెప్పింది. అంటే నాలుగేళ్ల గడువు. అప్పుడు క్రీడా విభాగాన్ని నడిపింది జిమ్ జారెట్. 1970 నుంచి అదే కుర్చీలో ఉన్న మనిషి. ఇంత పెద్ద పనికి అలాంటి అధిపతి ఉండటం ఎంత ముఖ్యమో బయటివాళ్లకు తెలియదు. యూనివర్సిటీ అధ్యక్షులు మారుతుంటారు, పాలకమండలి సభ్యులు మారుతుంటారు. ఇక్కడా 2008లో అధ్యక్షురాలు రోజాన్ రుంటే వెళ్లి జాన్ బ్రాడరిక్ వచ్చారు. క్రీడా విభాగం అధిపతి మారకపోవడం వల్ల 2005 నాటి మాట 2009 దాకా అలాగే నిలిచింది.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? చందాలు, సీజన్ టికెట్లు, స్పాన్సర్లు అన్నీ ఉన్నాయి. కానీ ఇలాంటి యూనివర్సిటీల్లో క్రీడలకు పెద్ద దన్ను విద్యార్థుల ఫీజే. అమెరికాలో ఎమ్మెస్ చదివిన తెలుగువాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. ట్యూషన్ కాకుండా తప్పనిసరి ఫీజులంటూ బిల్లులో కొన్ని లైన్లుంటాయి. అందులో క్రీడల వాటా ఉంటుంది. స్టేడియం గడప తొక్కని విద్యార్థి కూడా అది కట్టాల్సిందే. నా పనిలో నాకు ఎప్పుడూ బరువుగా అనిపించేది ఇదే. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసుకుంటూ చదివే పిల్లవాడి దగ్గర తీసుకున్న డబ్బుతో హెల్మెట్ కొంటున్నాం అన్న స్పృహ ఆ హెల్మెట్ బిల్లు పాస్ చేసే ప్రతివాళ్లకూ ఉండాలి.

ఇక టైటిల్ నైన్. 1972 నాటి ఈ చట్టం ప్రకారం చదువులో లాగే ఆటల్లోనూ ఆడ, మగ తేడా చూపకూడదు. ఫుట్‌బాల్ పెడితే ఒకేసారి దాదాపు 100 మంది మగపిల్లలు క్రీడాకారుల లెక్కలోకి వస్తారు. అవతలివైపు ఆడపిల్లలకు అవకాశాలు పెంచకపోతే త్రాసు ఒరిగిపోతుంది. ఓల్డ్ డొమినియన్ ఆ రోజుల్లోనే మహిళల రోయింగ్‌ను, అంటే తెడ్డు పడవల పోటీని, వర్సిటీ ఆటగా (యూనివర్సిటీ అధికారిక జట్టుగా) తెచ్చింది. రోయింగ్ జట్టులో ఎక్కువమంది పడతారు కాబట్టి ఫుట్‌బాల్ ఉన్న చాలా యూనివర్సిటీలు ఈ దారే పడతాయి. ప్రతిపాదనల్లో ఫుట్‌బాల్ ఖర్చు మాత్రమే చూపించి దీన్ని వదిలేసే వాళ్లను చూశాను. కొత్త మహిళల జట్టుకు కోచ్‌లు, పడవలు, ప్రయాణాలు, స్కాలర్‌షిప్‌లు కావాలి. అవన్నీ ఫుట్‌బాల్ పద్దులోనే రాయాలి. అలా రాస్తేనే అసలు ధర తెలుస్తుంది.

కోచ్ ముందు, ఆట తర్వాత

2007 ఫిబ్రవరిలో బాబీ వైల్డర్‌ను హెడ్ కోచ్‌గా తీసుకున్నారు. మెయిన్ అనే రాష్ట్రంలోని యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాడిగా) ఆడి, అక్కడే చాలా ఏళ్లు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన మనిషి. అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్ కాదు. మొదటి మ్యాచ్‌కు ఇంకా రెండున్నరేళ్లుంది.

ఈ రెండున్నరేళ్లు అన్న లెక్కను గమనించండి. శాన్ ఆంటోనియోలోని టెక్సస్ యూనివర్సిటీ, అంటే యూటీఎస్ఏ, 2009 మార్చిలో లారీ కోకర్‌ను తీసుకుని 2011 సెప్టెంబర్‌లో ఆడింది. జార్జియాలోని మెర్సర్ యూనివర్సిటీ 2011 జనవరిలో బాబీ లాంబ్‌ను తీసుకుని 2013 ఆగస్టు చివర్లో ఆడింది. మూడు చోట్లా ఇంచుమించు అదే వ్యవధి. ఇది కాకతాళీయం కాదు.

హైస్కూల్ ఆటగాళ్లు కాలేజీలతో సంతకాలు చేసే ప్రధాన రోజు అప్పట్లో ఫిబ్రవరి మొదటి బుధవారం. 2007 ఫిబ్రవరిలో వచ్చిన కోచ్‌కు ఆ ఏటి పిల్లలు ఎలాగూ దొరకరు. కానీ వచ్చే ఏడాది సంతకాలకు సంవత్సరం మొత్తం చేతిలో ఉంటుంది. ఒక్కో హైస్కూల్‌కు వెళ్లి, కోచ్‌లతో కూర్చుని, తల్లిదండ్రులతో మాట్లాడి, 2008 ఫిబ్రవరికి మొదటి బ్యాచ్‌ను తెచ్చుకోవచ్చు. 2009 ఫిబ్రవరికి రెండోది. అంటే తొలి మ్యాచ్ నాటికి రెండు బ్యాచ్‌లు చేతిలో ఉంటాయి. అందులో ఒకటి అప్పటికే ఏడాది పాటు క్యాంపస్‌లో ఉండి చదువుకున్నది, బరువులెత్తింది, కలిసి తిన్నది. వీటికి తోడు వేరే కాలేజీల నుంచి వచ్చే పెద్ద పిల్లలు. అప్పటి నిబంధనల ప్రకారం ఎఫ్‌బీఎస్ నుంచి ఎఫ్‌సీఎస్‌కు వచ్చినవాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడచ్చు. హైస్కూల్ తర్వాత రెండేళ్లు చదివే జూనియర్ కాలేజీల వాళ్లు (మన ఇంటర్ కాదు) మరో దారి. తొలి సీజన్ క్వార్టర్‌బ్యాక్ థామస్ డిమార్కో కాలిఫోర్నియా జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాడే.

మ్యాచ్‌లు లేని ఏడాది

ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం 2008 శరదృతువు. జట్టు ఉంది, కోచ్‌లు ఉన్నారు, రోజూ ప్రాక్టీస్ ఉంది. మ్యాచ్ ఒక్కటీ లేదు.

అమెరికాలో దీన్ని రెడ్‌షర్ట్ ఏడాది అంటారు. అప్పటి నిబంధనల ప్రకారం ఒక విద్యార్థికి ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడే హక్కు ఉండేది. ఒక ఏడాది ఆడకుండా ఆగితే ఆ నాలుగూ భద్రంగా ఉండేవి. మామూలుగా జట్టులో కొందరికే ఇలా చేస్తారు. ఇక్కడ జట్టంతా ఆగింది.

కుర్రాళ్ల వైపు నుంచి ఆలోచించండి. 18 ఏళ్ల వయసు. హైస్కూల్లో ప్రతి శుక్రవారం రాత్రి ఊరంతా చూస్తుంటే ఆడినవాడు. ఇప్పుడు తెల్లవారుజామున లేచి, బరువులెత్తి, క్లాసులకు వెళ్లి, సాయంత్రం తన జట్టువాళ్లతోనే ఢీకొట్టుకుని, శనివారం టీవీలో వేరేవాళ్ల మ్యాచ్ చూడాలి. అవతల ప్రత్యర్థి లేడు, స్కోరు లేదు, చప్పట్లు లేవు. అలాంటి ఏడాదిలో కుర్రాళ్లను పట్టి ఉంచడం కోచ్‌కు అసలు పరీక్ష. మానేసి వెళ్లిపోయేవాళ్లు ఏ కొత్త జట్టులోనైనా ఉంటారు. మిగిలినవాళ్లే జట్టు.

మా వైపు, అంటే ఆఫీసు వైపు నుంచి చూస్తే ఆ ఏడాది విలువ ఇంకా ఎక్కువ. ఒక ఫుట్‌బాల్ జట్టును నడపడమంటే ప్రతి కుర్రాడి తలకూ సరిపోయే హెల్మెట్, భుజాల ప్యాడ్లు కొలిచి ఇవ్వాలి. ఏటా హెల్మెట్లను తనిఖీకి పంపాలి. రోజూ బట్టలుతకడానికి పెద్ద మెషీన్లు కావాలి. ఎండలో ప్రాక్టీస్ కాబట్టి ఐసు టబ్బులు, నీళ్లు, ఉప్పు సరిచూసే ట్రైనర్లు కావాలి. ప్రాక్టీస్ మొదట్లో శరీరం అలవాటు పడటానికి నిబంధనలున్నాయి. అప్పట్లో తొలి రెండు రోజులూ హెల్మెట్ మాత్రమే, తర్వాతి రెండు రోజులు హెల్మెట్‌తో భుజాల ప్యాడ్లు, ఐదో రోజు నుంచే పూర్తి కవచం. దీన్ని ఎవరు చూస్తారు, ఎవరు రాసిపెడతారు? ఇక తిండి సంగతి. ముందు వరుసలో ఢీకొట్టే 300 పౌండ్ల లైన్‌మన్లు ఉండే జట్టుకు భోజనం పెట్టడమంటే రోజూ ఒక చిన్న పెళ్లి చేసినట్టే. చదువు సలహాదారులు, ట్యూటర్లు, హాజరు చూసేవాళ్లు వీటన్నిటికీ అదనం.

మ్యాచ్‌లు ఉన్న ఏడాదే ఇవన్నీ మొదటిసారి నేర్చుకుంటే ప్రతి పొరపాటూ శనివారం జనం ముందు బయటపడుతుంది. ఆడని ఏడాదిలో నేర్చుకుంటే ఎవరికీ తెలియకుండా సర్దుకోవచ్చు. నాకు తెలిసిన ఒక చిన్న కాలేజీ ఈ ఏడాదిని ఖర్చు అని కొట్టేసింది. ఆటగాళ్లను వేసవిలో తెచ్చి అదే శరదృతువులో ఆడించింది. సీజన్ సగానికే లైన్‌లో నిలబడేందుకు మనుషులు కరువయ్యారు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. మ్యాచ్‌లు లేని ఏడాదికి పెట్టే డబ్బు వృథా అన్న వాదన వచ్చినప్పుడు నేను గట్టిగా వ్యతిరేకించడానికి కారణం మాత్రం అదే.

షెడ్యూల్

కొత్త జట్టు గెలుపోటములు సగం షెడ్యూల్ వేసే గదిలోనే తేలిపోతాయి. మొదటి రెండేళ్లు ఓల్డ్ డొమినియన్ ఏ కాన్ఫరెన్స్‌లోనూ, అంటే లీగ్‌లా కలిసి ఆడుకునే ఏ కాలేజీల గుంపులోనూ, లేకుండా స్వతంత్రంగా ఆడింది. కాన్ఫరెన్స్‌లో ఉంటే ప్రత్యర్థులను వాళ్లే ఇస్తారు. స్వతంత్రంగా ఉంటే ప్రతి మ్యాచ్‌కూ ఫోన్లు చేసి బతిమాలుకోవాలి. ఆ కష్టంలోనే ఒక సౌకర్యం కూడా ఉంది. బలం చూసుకుని ప్రత్యర్థిని ఎంచుకోవచ్చు. తొలి మ్యాచ్‌కు నార్త్ కరొలైనా నుంచి చోవన్ అనే డివిజన్ టూ జట్టును, అంటే డివిజన్ వన్ కన్నా కింది స్థాయి జట్టును, పిలిచారు. ఆ తర్వాత చాలావరకు తమ మెట్టులోనివే ఇతర జట్లు.

ఇది తేలిక దారి అని అప్పుడూ ఇప్పుడూ అన్నవాళ్లున్నారు. వాళ్లకు నేను అదే ఏడాది మొదలైన మరో జట్టును చూపిస్తాను. అలబామాలోని మొబీల్‌లో ఉన్న సౌత్ అలబామా యూనివర్సిటీ కూడా 2009లోనే తొలి సీజన్ ఆడింది. 7 ఆడి 7 గెలిచింది. మొదటి ప్రత్యర్థి హార్‌గ్రేవ్ మిలిటరీ అకాడమీ, అంటే కాలేజీ కూడా కాదు, కాలేజీకి ముందు మెట్టు. అంకెలే చూస్తే 9–2 కన్నా 7–0 మేలు. కానీ ఏ ఫుట్‌బాల్ మనిషీ అలా అనడు. మూడేళ్ల తర్వాత, 2012లో పై మెట్టులో ఆడినప్పుడు సౌత్ అలబామాకు దక్కింది 2 గెలుపులు, 11 ఓటములు.

యూటీఎస్ఏ కథ ఇంకోలా ఉంది. 2011 సెప్టెంబర్ 3న నార్త్ఈస్టర్న్ స్టేట్‌తో తొలి మ్యాచ్‌కు అలమోడోమ్ స్టేడియానికి 56,743 మంది వచ్చారు. కొత్త జట్టు తొలి మ్యాచ్‌కు అంతమంది రావడం రికార్డు. 31–3తో గెలిచారు. సీజన్ మొత్తం చూస్తే 4–6. అది వైఫల్యమా? నేనైతే అనను. అంతమంది జనం, 2001లో మయామీ యూనివర్సిటీకి జాతీయ టైటిల్ తెచ్చిన కోచ్. ఆ మరుసటి ఏడాదే 8–4. మెర్సర్ తొలి ఏడాది 10–2. గెలుపుల్లో ఓల్డ్ డొమినియన్‌ను దాటేసింది. అది ఆడింది స్కాలర్‌షిప్‌లు ఇవ్వని పయనీర్ లీగ్‌లో. తర్వాతి ఏడాది గట్టి సదరన్ కాన్ఫరెన్స్‌లోకి వెళ్లింది, అక్కడ 1 గెలిచి 6 ఓడింది. కాబట్టి తొలి సీజన్ అంకెను ఎవరైనా గొప్పగా చూపిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఎవరితో ఆడారని. రెండో ప్రశ్న, మూడో ఏడాది ఏమైందని.

ఆ శనివారం, ఆ సీజన్

2009 సెప్టెంబర్ 5. బాగుచేసిన ఫోర్‌మన్ ఫీల్డ్‌లో 19,782 మంది కూర్చున్నారు. స్టేడియం నిండిపోయింది. చోవన్‌పై 36–21 గెలుపు. తొలి సీజన్ 9–2తో ముగిసింది.

ఆట వివరాల కన్నా టికెట్ల సంగతి నాకు ముఖ్యం. ఇంటి మ్యాచ్‌లన్నీ నిండాయి, ఆ ఒరవడి తర్వాతి ఏళ్లలోనూ సాగింది. 20 వేల సీట్ల స్టేడియం నిండితే సీజన్ టికెట్‌కు విలువ వస్తుంది. వచ్చే ఏడాది దొరకదేమో అన్న భయంతో జనం ముందే కొంటారు. పెద్ద స్టేడియం సగం ఖాళీగా ఉంటే ఆ భయం ఉండదు. జార్జియా స్టేట్ 2010లో అట్లాంటాలోని జార్జియా డోమ్‌లో మొదలైంది. అది వృత్తి జట్లు ఆడే భారీ స్టేడియం. తొలి మ్యాచ్‌కు 30 వేల పైచిలుకు వచ్చినా ఇంకా ఎన్నో సీట్లు మిగిలాయి. చిన్న పాత స్టేడియంతో మొదలుపెట్టడం ఓల్డ్ డొమినియన్‌కు వరమైంది.

మూడో ఏడాది పరీక్ష

2010లో 8–3. 2011లో గట్టి కలోనియల్ కాన్ఫరెన్స్‌లో చేరారు. స్వతంత్రంగా ఎంచుకున్న ప్రత్యర్థులు ఇక లేరు. అక్కడా 10–3తో నిలబడ్డారు, ఎఫ్‌సీఎస్ ప్లేఆఫ్స్‌కు వెళ్లి అక్కడ కూడా ఒక మ్యాచ్ గెలిచారు. తొలి సీజన్ నిజమైనదా కాదా అన్నదానికి నా దృష్టిలో ఇదే రుజువు.

ఆ 2011 సీజన్ మధ్యలో డిమార్కోకు గాయమైంది. అతని స్థానంలో టేలర్ హైనికీ అనే మొదటి ఏడాది కుర్రాడు వచ్చాడు. మరుసటి ఏడాది న్యూ హాంప్‌షైర్‌పై ఒక్క మ్యాచ్‌లోనే 730 గజాల పాస్‌లు వేసి, ఎఫ్‌సీఎస్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే వాల్టర్ పేటన్ అవార్డు గెలిచాడు. 2012లో జట్టు 11–2. ప్రధాన ఆటగాడు పడిపోయిన చోట జట్టు కుప్పకూలకుండా ఇంకా పైకి వెళ్లిందంటే, ఏటా ఒక బ్యాచ్ తర్వాత ఒక బ్యాచ్‌ను క్రమంగా తెచ్చుకున్న పద్ధతి పనిచేసినట్టే. తొలి సీజన్ కోసం అన్ని స్కాలర్‌షిప్‌లూ ఒకేసారి పెద్ద పిల్లలకు ఇచ్చేసిన జట్లు ఇక్కడే దెబ్బతింటాయి. అందరూ ఒకేసారి చదువు ముగించి వెళ్లిపోతారు.

ఆ తర్వాత మాత్రం మెట్లు వేగంగా ఎక్కారు. ఐదో సీజన్‌కే, 2013లో, ఎఫ్‌బీఎస్ వైపు మారారు. ఆ నవంబర్‌లోనే నార్త్ కరొలైనా యూనివర్సిటీ చేతిలో 80–20తో ఓడారు. 2016లో 10–3తో, సీజన్ చివర ఆడే బహామాస్ బౌల్ అనే మ్యాచ్ గెలిచారు. 2018లో, ఒకప్పుడు తమ ఊరి పిల్లలను తీసుకెళ్లిపోయిన వర్జీనియా టెక్‌నే సొంత మైదానంలో 49–35తో ఓడించారు. 2019లో 1–11. ఆ సీజన్ అయ్యాక వైల్డర్ తప్పుకున్నారు. పాత ఫోర్‌మన్ ఫీల్డ్ కూడా అప్పటికి పడగొట్టి మళ్లీ కట్టారు.

ఎఫ్‌బీఎస్‌కు వెళ్లడం తొందరపాటు అని నా అభిప్రాయం. 63 స్కాలర్‌షిప్‌ల నుంచి 85కు పెరగడం ఒక్కటే కాదు, ప్రయాణాలు, కోచ్‌ల జీతాలు, ఆడపిల్లల జట్లలో దానికి తగ్గ పెంపు అన్నీ పెరుగుతాయి. ఆ భారంలో కొంత మళ్లీ విద్యార్థి ఫీజు మీదే పడుతుంది. 2015లో వర్జీనియా శాసనసభ ప్రభుత్వ యూనివర్సిటీల క్రీడా ఆదాయంలో విద్యార్థుల ఫీజు వాటాకు పరిమితి పెట్టింది. నాకు అది మంచి చట్టం అనిపించింది. కొత్త జట్టు ప్రతిపాదనతో వచ్చేవాళ్లను ఇప్పుడు నేను మూడు కాగితాలు అడుగుతాను. ఆడని ఏడాది బడ్జెట్ ఒకటి. ఫుట్‌బాల్‌తో పాటు వచ్చే మహిళల జట్టు ఖర్చు రెండోది. ఐదేళ్ల తర్వాత ఒక్కో విద్యార్థి ఫీజులో క్రీడలకు ఎంత పోతుందో డాలర్లలో చూపించే కాగితం మూడోది. ఎన్ని గెలుస్తారన్న అంచనా నేను అడగను.